కోల్‌కతా వీధి దీపాలు: అందం సరే, వెలుగు మాటేమిటి?

2011లో అధికారం చేపట్టిన మమతా బెనర్జీ కోల్‌కతాను లండన్‌లా తీర్చిదిద్దుతామన్నారు. ఆ క్రమంలోనే వీధుల్లో త్రిశూలాకారపు దీపస్తంభాలు వెలిశాయి. పనులను రూ.5 లక్షల లోపు ముక్కలుగా విడగొట్టి బహిరంగ టెండర్లను తప్పించారన్న ఆరోపణలు చెలరేగగా, కాగ్ కూడా తప్పుపట్టింది. చర్చంతా ధర చుట్టూనే తిరిగింది. దీపం ఎవరికోసమన్న ప్రశ్న మరుగున పడింది.

కప్పులేని అలంకార దీపపు కాంతిలో కొంత ఆకాశం పాలవుతుంది. సరైన కోణంలో అమర్చిన ఎల్‌ఈడీ దానిని నేలకు మళ్లిస్తుంది.

ఆర్‌జీ కర్ ఆసుపత్రిలో వైద్యురాలిపై అఘాయిత్యం, హత్య దరిమిలా 2024 ఆగస్టు 14 రాత్రి వేలాది మహిళలు వీధుల్లోకి వచ్చి రాత్రిపై తమ హక్కును చాటారు. ఇకపై దీపాల రూపకల్పనకు కొలమానం స్తంభం సొగసు కాదు. రెండు స్తంభాల నడుమ కాలిబాటపై ఎదుటి మనిషి ముఖం కనిపిస్తోందా అన్నదే.