కన్నీళ్లొస్తే బలహీనులమా?

 

హాస్టల్‌లో కొత్తగా చేరి ఇంటి మీద బెంగతో ఏడ్చే పిల్లల్ని మనందరం చూసినం. "ఏందిరా ఆడపిల్లలెక్క ఏడుస్తున్నవ్" అనే మాటా విన్నం (ఆడపిల్లల్ని, ఏడుపుని ఒకేసారి తక్కువ చేసే మాట అది). కాలేజీకి పోతే మన యాసకు నవ్వుతరు. ఇంట్ల గోండి, కోయ, కొలామీ మాట్లాడి పెరిగినోళ్లకు తెలుగు రెండో భాష అని వాళ్లకు తట్టదు. నొచ్చుకుంటే, "ఇంత సెన్సిటివ్ అయితే ఎట్ల బతుకుతవ్" అని మళ్లీ మనకే క్లాసు.

తొందరగా నొచ్చుకునే మనసు లోపం కాదని మనం గట్టిగా చెప్పుకోవాలె. వానాకాలం ఆశ్రమ పాఠశాలల్లో జ్వరాలు ఎట్లుంటయో తెలుసు కదా. అన్నం తినకుండ దుప్పటి కప్పుకొని పడుకున్న చిన్న పిల్లగాడు ఎవరికీ చెప్పడు. చెప్పడానికి తెలుగు సరిగ రాదు, పైగా భయం. రిజిస్టర్‌ల మాత్రం వాడు 'హాజరు'. వాని నుదుటి మీద చెయ్యి పెట్టి చూసేదెవరు? చాలాసార్లు, నిన్న చిన్న మాటకే కళ్లనీళ్లు పెట్టుకున్న అన్ననే. మలేరియాకు ఒక్క రాత్రి ఆలస్యమైతే ఏమైతదో మన గూడేలకు ఒకరు చెప్పనక్కర్లేదు.

మన పెద్దోళ్లు దుఃఖాన్ని దాచుకోమనలేదు. కేస్లాపూర్ నాగోబా దగ్గర మెస్రం వంశస్తులు చనిపోయిన తమవాళ్ల పేరు మీద తూమ్ పూజలు చేస్తరు. అంత పెద్ద జాతరలో కూడా పోయినోళ్లకు చోటుంది. కుమ్రం భీం అంటే మనకు తుపాకే గుర్తొస్తది. అడవి నుంచి తమవాళ్లను వెళ్లగొడుతుంటే చూసి ఓర్వలేకనే ఆయన లేచిండు, 1940లో జోడేఘాట్‌లో ప్రాణమిచ్చిండు. ఆ ఓర్వలేనితనాన్ని బలహీనత అందామా?

"ఏడ్చుకుంట కూసుంటే గ్రూప్స్ ఉద్యోగం వస్తదా" అంటరు కొందరు. రాదు, నిజమే. బాధ తెలిసిన మనసుకూ చదువుకూ పోటీ ఏముంది?

ఒకటి మాత్రం వేరే విషయం. వారాల తరబడి నిద్ర పట్టక, తిండి సయించక, బతకాలని లేదనిపిస్తే అది ఉత్త సున్నితత్వం కాదు. డాక్టర్‌కు చూపించుకోవాలె. టెలీ మానస్ 14416కు ఫోన్ చేస్తే ఏ వేళైనా, పైసా లేకుండ మాట్లాడుతరు, తెలుగులో కూడా.

జూన్‌ల బడులు తెరిచినంక మన ఊరికి దగ్గరున్న హాస్టల్‌కు ఇద్దరు ముగ్గురం కలిసి ఒక సాయంత్రం పోదాం. వార్డెన్ సార్‌ను అడిగి, కొత్త పిల్లలతో వాళ్ల భాషలోనే మాట్లాడుదాం. ఏ ఊరోళ్లు ఏ హాస్టల్‌కు పోతరో కింద రాయండి.