వందకెంత దూరం

గోదావరి మీద ఎదుర్లంక వంతెనకు ఇటు కోనసీమ, అటు యానాం. వంతెన దాటినా నది అదే, మాటా అదే. పెట్రోలు ధర మాత్రం లీటరుకు పది రూపాయలకు పైగానే దిగిపోతుంది. చుట్టుపక్కల ఊళ్లవాళ్లు ఏదో ఒక పని కల్పించుకుని బండి అటు తిప్పడం కొత్తేమీ కాదు. పుదుచ్చేరి కిందికి వచ్చే యానాంలో పన్ను తక్కువ, ఆంధ్రప్రదేశ్‌లో ఎక్కువ. ఇక్కడ వ్యాట్ 31 శాతం, పైన లీటరుకు నాలుగు రూపాయలు, రోడ్ల పేరు చెప్పి ఇంకో రూపాయి. తెలంగాణలో 35.2 శాతం. కేంద్రం ఎక్సైజ్ సుంకం కలిశాకే ఈ శాతాలు లెక్కగడతారు కనుక ఇది పన్ను మీద పన్ను కూడా. 2017 జూలైలో జీఎస్టీ వచ్చినా పెట్రోలు అందులోకి రాలేదు. ఏ రాష్ట్రం లెక్క దానిదే.

అంతకు పక్షం రోజుల ముందు, జూన్ 16న, ఉదయం ఆరింటికల్లా రోజూ ధర మార్చే పద్ధతి దేశమంతటా మొదలైంది. మేలో దాన్ని పరీక్షించి చూసిన ఐదు నగరాల్లో మన విశాఖ ఒకటి. పొద్దున్నే కాఫీతోపాటు ఆ అంకె చూసుకోవడం కొందరికి అలవాటైంది. 2022 మే తర్వాత దాదాపు రెండేళ్లు ధర కదలకుండా కూర్చోవడంతో ఆ ముచ్చటా తీరిపోయింది.

పేపర్లలో ఎక్కువగా కనిపించేవి ఢిల్లీ, ముంబై, కోల్‌కతా, చెన్నై ధరలు. ఆ నాలుగింట్లో మనం లేం. పోనీ సగటు చూద్దామా అంటే, 2022 జూన్‌లో అమెరికా దేశ సగటు తొలిసారి గ్యాలన్‌కు 5 డాలర్లు దాటిందని ప్రపంచమంతా చెప్పుకుంది. కాలిఫోర్నియాలోని మనవాళ్లు అప్పటికే ఆరుకు పైగా కడుతున్నారు.

బంకులో కాసేపు నిలబడి వింటే ‘ఫుల్ చెయ్’ అనేవాళ్లకన్నా ‘వందకి కొట్టన్నా’ అనేవాళ్లే ఎక్కువ వినిపిస్తారు. వాళ్లకు ధర పెరిగినా వందే, తగ్గినా వందే. మారేది దూరం. 2024 మార్చిలో రెండు రూపాయలు తగ్గాక ఢిల్లీలో లీటరు 95 లోపు, హైదరాబాద్‌లో 107 పైన. లీటరుకు యాభై కిలోమీటర్లు ఇచ్చే బండికి ఆ వంద నోటులో ఆరు కిలోమీటర్ల తేడా. ఇంటికి అన్నం పార్సిల్ తెచ్చే కుర్రాడికి అది ఒక ఆర్డరు. ఆదిలాబాద్ దాకా వెళ్తే ట్యాంకరు రవాణా ఖర్చు కూడా పడి ఇంకాస్త తరుగు. రాష్ట్రాల ధరలు పక్కపక్కన వేసే పట్టికలు రూపాయల్లో కాక కిలోమీటర్లలో ఉంటే ఎవరి బాధ ఎంతో తేలిగ్గా తెలిసేదేమో.

‘జీరో చూసుకోండి సార్’ అంటాడు బంకు కుర్రాడు. చూస్తాం. రూపాయల గడి గబగబా పరుగెత్తి 100 దగ్గర ఆగుతుంది. లీటర్ల గడి 0.93 దగ్గర.