కరణంగారి కలం, కంప్యూటరు తాళం

పూర్వం మన పల్లెల్లో రాజుగారి ఆజ్ఞకంటే కరణంగారి కలానికే ఎక్కువ భయపడేవారు. రాజు ఎక్కడో ఉంటాడు. కలం ఎదురింట్లోనే ఉంటుంది. ఎవరి చేను ఎంత, ఏ గట్టు ఎవరిది, ఈ యేడు ఏ పైరు పెట్టారు, శిస్తు ఎంత బాకీ, ఇవన్నీ ఆయన కట్ట విప్పితేనే తెలిసేవి. కరణాలను ఎత్తిపొడిచే పద్యాలు మన శతకాల్లో ఊరికే పుట్టలేదు. అలాగని కరణాలందరూ అన్యాయపరులనడం అన్యాయమే అవుతుంది. ధర్మంగా బ్రతికినవారు ఎందరో ఉన్నారు. చిక్కంతా ఏర్పాటులో ఉన్నది. చదివేదీ ఆయనే, వ్రాసేదీ ఆయనే, కొట్టివేసేదీ ఆయనే, కట్టను దాచేదీ ఆయనే అయినప్పుడు ఊరి న్యాయమంతా ఒక్క మనిషి మనస్సుమీద వ్రేలాడుతుంది.

1800లో నిజాం ఈ దత్తమండలాలను కుంఫిణీవారికి అప్పగించినప్పుడు ప్రధాన కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో 1807 వరకు ఇక్కడ పనిచేశాడు. మన అనంతపురమే ఆయన మకాం. పొలం పొలాన్నీ కొలిపించి, రైతు పేరుమీదనే శిస్తు కట్టే పద్ధతిని ఆయన ఇక్కడ నాటాడు. రైతువారీకి లెక్కే ప్రాణం. ఆ లెక్క కరణం చేతిలో. అందుకనే ఏటేటా జమాబందీ అని ఒక తనిఖీ ఉండేది. పై అధికారి వచ్చి, ఊరి లెక్కలు తిరగవేసి, చేవ్రాలు చేసి పోయేవాడు.

1984లో నందమూరి తారకరామారావుగారి ప్రభుత్వం వంశపారంపర్యపు కరణీకాన్ని రద్దు చేసింది. కట్టలు ఆఫీసులకు చేరాయి. 1998లో రిజిస్ట్రేషను కచేరీలలో కంప్యూటర్లు వెలిశాయి. ఆ తరువాత అడంగలూ, వన్-బీ కూడా వెబ్‌ల్యాండ్ అనే పెద్ద లెక్కల కోశంలోకి ఎక్కాయి. 2015లో వచ్చిన మీభూమి ద్వారా ఎవరి భూమి లెక్కను వారు ఇంట్లో కూర్చునే చూసుకొనే వీలు కలిగింది.

సరే, కలం పోయింది. కలానికి ఉన్న బలం కూడా పోయిందా? ఈ వారం ఆ సంగతి ముచ్చటించుకుందాం.

కంప్యూటరులోని లెక్కల కోశాన్ని డేటాబేసు అంటున్నారు. ఇప్పుడు ఎక్కువగా వాడుకలో ఉన్న పద్ధతికి మూలపురుషుడు ఎడ్గార్ కాడ్ అనే ఆంగ్లేయుడు. కాలిఫోర్నియాలో ఐబీఎం సంస్థలో పనిచేస్తూ 1970లో ఆయన ఒక వ్యాసం ప్రకటించాడు. అంతకుముందు యంత్రంలో ఒక విషయం కావాలంటే అది ఏ దారిన, ఏ అర వెనుక ఉన్నదో తెలిసినవాడే తీయవలసివచ్చేది. అచ్చం కరణంగారి అటకలాగా! కాడ్ ఏమన్నాడంటే, సమాచారమంతా మామూలు పట్టికలుగా వ్రాసి పెట్టండి. వరుసలు, గడులు చాలు. పట్టికకూ పట్టికకూ సంబంధం ఒక ఉమ్మడి అంకెతో కలపండి. ఇక ఏమి కావాలో అడగండి, ఎలా వెదకాలన్నది యంత్రం చూసుకుంటుంది అన్నాడు. ఒక పట్టికలో ఖాతా నంబరు, రైతు పేరు. మరొక దానిలో సర్వే నంబరు, విస్తీర్ణం, ఖాతా నంబరు. రెండింటినీ ఖాతా నంబరే ముడివేస్తుంది. రైతు పేరు ఒక్కచోటనే ఉంటుంది కనుక ఒక్కచోట దిద్దితే చాలు. ఈ వెలుగుకే ఆయనకు 1981లో ట్యూరింగ్ బహుమానం లభించింది.

ఒక్కచోట దిద్దితే చాలు! ఎంత సదుపాయమో అంత ప్రమాదం. మరి ఆ దిద్దే చెయ్యి ఎవరిది?

ఇక్కడే డేటాబేసు నిర్వాహకుడు రంగంలోకి వస్తాడు. మా కళాశాలలో తెలుగు రెండవ భాషగా చదివిన కుర్రవాడొకడు ఇప్పుడు బెంగుళూరులో ఆ ఉద్యోగమే చేస్తున్నాడు. సెలవులకు వచ్చినప్పుడు మా ఇంటికి వస్తూ ఉంటాడు. “ఏమప్పా, నీ పనేమిటో నా బోటివాడికి అర్థమయ్యేట్టు చెప్పు” అన్నాను.

“ఏముంది సార్, తాళాలు ఇచ్చేదీ, తిరిగి తీసుకునేదీ. అంతే” అన్నాడు.

తరువాత విడమరచి చెప్పాడు. సర్వరును నెలకొల్పిన రోజునే దానిలో ఒక సర్వాధికారి పుడతాడు. మైఎస్‌క్యూఎల్ అనే దానిలో అతని పేరు రూట్. అతను దేనినైనా చదవగలడు, మార్చగలడు, మొత్తం కోశాన్ని ఒక్క మాటతో చెరిపివేయగలడు. కాబట్టి ఆ పేరుతో రోజువారీ పని చేయరాదు. పనిచేసే ప్రతి మనిషికీ వేరే పేరు, వేరే రహస్యపదం ఇవ్వాలి. చూడవలసినవాడికి చూసే హక్కు, కొత్త వరుస చేర్చవలసినవాడికి చేర్చే హక్కు, దిద్దవలసినవాడికి ఆ ఒక్క పట్టికను దిద్దే హక్కు. అంతకు మించి గింజంత కూడా ఇవ్వకూడదు. మైఎస్‌క్యూఎల్‌లో ఇంకొక చమత్కారం ఉన్నది. మనిషి పేరుతోపాటు అతను ఏ యంత్రంనుంచి వస్తున్నాడో కూడా చూస్తుంది. ఒకే పేరు రెండు చోట్లనుంచి వస్తే ఇద్దరు మనుష్యులుగా లెక్కకట్టగలదు.

ఇచ్చిన హక్కును తిరిగి తీసుకోవడం ఇంకా ఘనమైన విద్య. 1976లో ఐబీఎంకు చెందిన గ్రిఫిత్స్, వేడ్ అనే ఇద్దరు దీనికి ఒక ధర్మశాస్త్రం వ్రాశారు. రామయ్య తన హక్కును, ఇతరులకు పంచే అనుమతితో సహా, సుబ్బయ్యకు ఇచ్చాడనుకోండి. సుబ్బయ్య దానిని వెంకయ్యకు ఇచ్చాడు. తరువాత రామయ్య సుబ్బయ్యనుంచి హక్కు లాగివేస్తే వెంకయ్య గతి ఏమి? అతనిదీ పోతుంది. కాని అదే హక్కు వెంకయ్యకు వేరొకరివల్ల కూడా వచ్చి ఉంటే నిలుస్తుంది. దాయభాగం చెప్పే పండితులు కూడా మెచ్చుకోవలసిన తర్కం!

ఇంత చక్కని శాస్త్రం ఉన్నా ఆచరణ ఎలా ఉన్నదో ఆ కుర్రవాడి ఇంటి కథే చెబుతుంది.

వాళ్ల నాన్నకు మెట్టలో నాలుగెకరాల ముప్ఫై సెంట్లు. వానను నమ్ముకుని వేరుశనగ వేసే భూమి. పాసుపుస్తకంలో అంతే ఉన్నది. ఒక యేడు విత్తనాల అప్పుకోసం బ్యాంకుకు వెళితే కంప్యూటరులో మూడెకరాల పది సెంట్లే కనబడుతున్నదన్నారు. ఎకరా ఇరవై సెంట్లు ఏ గాలికి ఎగిరిపోయింది? ఆఫీసుకు వెళ్లాడు. “మేమేం చేయలేదు పెద్దాయనా, కంప్యూటరులో అట్లే ఉండాది” అన్నారు. కొడుకు బెంగుళూరునుంచి వచ్చి ఒక్కటే ప్రశ్న వేశాడు: “మార్చింది ఎవరి పేరుతో సార్?” చూస్తే అధికారి పేరుతోనే ఉన్నది. ఆ అధికారి పేరూ రహస్యపదమూ ఆఫీసులో అందరికీ తెలుసు. కాగితంమీద వ్రాసి బల్లకు అంటించి ఉన్నాయి. ఆయన బదిలీ మీద వెళ్లి అప్పటికి ఎన్నో నెలలు. ఆయన వెళ్లాడు కాని ఆయన తాళపుచెవి వెళ్లలేదు.

పాత కాగితపు అడంగలు దొరకబట్టి భూమి మళ్లీ లెక్కకెక్కింది. ఈలోగా రెండు కార్లు గడిచిపోయాయి. బ్యాంకు అప్పు లేక ఆ పెద్దాయన వడ్డీ వ్యాపారి గడప తొక్కాడు. ఏడాదికి 550 మిల్లీమీటర్ల చుట్టుప్రక్కల వాన కురిసే గడ్డమీద, పదునైన రోజున విత్తనం చేతిలో లేకపోవడమంటే ఏమిటో ఈ జిల్లావారికి చెప్పనక్కరలేదు. పొలం తిరిగి వచ్చింది గాని, మార్చిన చెయ్యి ఎవరిదో నేటికీ తేలలేదు. పదిమందికి ఒకే తాళపుచెవి ఉంటే దొంగ ఎవరని ఎవరిని అడుగుతారు?

దీనినిబట్టి ఒక మాట తేలుతున్నది. కరణీకాన్ని చట్టం రద్దు చేసినా, పంచుకున్న ఒక్క రహస్యపదం దానిని మళ్లీ బ్రతికిస్తుంది. పైగా పాత కరణానికి ఒక ముఖమైనా ఉండేది. చేవ్రాలు చూస్తే ఊళ్లో ఎవరైనా గుర్తుపట్టేవారు. ఈ కొత్త కరణానికి ముఖమే లేదు.

నిర్వాహకుడి ధర్మాలు మరి రెండు ఉన్నాయి. మొదటిది నకలు. మన రైతు విత్తనపు కాయను తిండి కాయతో కలపడు. వేరే చోట దాస్తాడు. విత్తేముందు కాసిన్ని గింజలు తడిబట్టలో కట్టి మొలక వస్తున్నదో లేదో చూస్తాడు. డేటాబేసు నకలు కూడా అంతే. వేరే చోట దాచాలి, దాచినది తిరిగి మొలకెత్తుతుందో లేదో అప్పుడప్పుడు వేరొక యంత్రంమీద పోసి చూడాలి. రెండవది చిట్టా. ఎవరు, ఎప్పుడు, ఏ గడిలో ఏమి మార్చారో వ్రాసుకునే పుస్తకం. దానిని సర్వాధికారి కూడా చెరపలేని చోట ఉంచాలి. అది యంత్రానికి జమాబందీ అన్నమాట.

ఆ చిట్టా ఉన్నా చదివేవారు ఉండాలి. ఇందుకు మన జిల్లాలోనే ఒక పాఠం ఉన్నది. 2006 ఫిబ్రవరి 2న నార్పల మండలం బండ్లపల్లిలో ప్రధానమంత్రి మన్మోహన్ సింగ్ ఉపాధి హామీ పథకాన్ని ప్రారంభించారు. ఆ పథకపు హాజరులూ కూలి చెల్లింపులూ మన రాష్ట్రంలో కంప్యూటరుకెక్కాయి. వాటిని కాగితంమీద దించుకుని, కూలివారి ఇళ్లకు పోయి, “నీ పేరున ఇన్ని రోజులు ఉన్నాయి, నిజమేనా?” అని అడిగే సామాజిక తనిఖీ జరిగింది. మండలంలో నలుగురి ఎదుట ఆ లెక్కలు చదివారు. పనికి రానివారి పేర్లు, లోకంలోనే లేనివారి పేర్లు హాజరులో బయటపడిన సందర్భాలున్నాయి. వ్రాసే హక్కు కొద్దిమందికి, చదివే హక్కు అందరికీ. లెక్కల పుస్తకం కాగితంమీద ఉన్నా, కంప్యూటరులో ఉన్నా ఇంతకు మించిన కాపలా లేదు.

కాబట్టి పాఠకులకు నాదొక మనవి. పొలం ఉన్నవారు ఏరువాకకు ముందు గుంటకలూ గొర్రులూ సరిచూసుకున్నట్లే మీభూమిలో మీ వన్-బీని కూడా ఒకసారి సరిచూసుకోండి. ఒక నకలు అచ్చువేయించి పాసుపుస్తకంలో పెట్టుకోండి. దుకాణమో, ఆఫీసో, పాఠశాలో నడిపేవారు ప్రతి గుమాస్తాకూ వేరే పేరు ఇవ్వండి. ఉద్యోగం మానినవాడి పేరును అతనికి వీడ్కోలు పలికిన రోజునే తీసివేయండి. బల్లకు అంటించిన కాగితాన్ని ఈ పూటే చింపివేయండి.

ఇక ఎక్కడైనా “కంప్యూటరులో అట్లే ఉంది” అన్న సమాధానం వస్తే, మర్యాదగానే ఒక ప్రశ్న వేయండి: “అయ్యా, ఎవరి పేరుతో ఉంది?” ఆ ప్రశ్నకు జవాబు చెప్పగలిగిన ఆఫీసులో మీ భూమికి భయం లేదు.