కళాశాలలో గిటారు: మా అభిప్రాయం

గడచిన రెండు సంవత్సరాలుగా మన కళాశాలలో ప్రతి గురువారం సాయంకాలం, తరగతులు ముగిసిన పిమ్మట, ఒక గదిలోనుంచి గిటారు ధ్వని వినవస్తున్న సంగతి పాఠకులకు తెలియనిది కాదు. వినలేక కిటికీలు మూసుకొన్నవారు కూడ కొందరున్నారు. వారిపై మాకు కోపం లేదు. తొలి మాసాలలో మా వాద్యం కిటికీలు మూయదగినదిగానే ఉండెను. అధ్యాపకులము నలుగురము, కార్యాలయ ఉద్యోగి ఒకరు, విద్యార్థులు పది పన్నెండుమంది, గిటార్లు మూడు, గురువు శూన్యం. ఇదీ మా గోష్ఠి. శుక్రవారం జుమా నమాజు. శుక్ర శనివారాలలో చిల్కూరు బాలాజీ దర్శనానికి వచ్చే భక్తులతో దారి కిక్కిరిసి ఉంటుంది. ఈ రెండింటిని చూచుకొని గురువారాన్ని ఎంచుకొన్నాము.

ఈ సాయంకాలాలను గురించి ఇటీవల రెండు ప్రతిపాదనలు వచ్చినవి. ఈ గంటను తీసివేసి ఉద్యోగ ఎంపికల శిక్షణకు ఇవ్వవలెనని ఒకటి. దీనిని ఒక సంఘంగా నమోదు చేసి, పోటీలు పెట్టి, బహుమతులు, ప్రశంసాపత్రాలు ఇవ్వవలెనని రెండవది. మొదటిది మమ్ములను మెచ్చనివారి మాట, రెండవది మెచ్చినవారి మాట. నిజం చెప్పవలెనంటే మేము రెండవ దానికే ఎక్కువ భయపడుతున్నాము. కారణం ముందు చెప్పుతాము. అంతకు మునుపు తరచుగా వినవచ్చే ఒక ఆక్షేపణకు సమాధానం చెప్పవలసియున్నది.

గిటారు పరదేశపు వాద్యమనీ, మన సంస్కృతికి పొసగదనీ ఆ ఆక్షేపణ. వయొలిను కూడ పరదేశపు వాద్యమే గదా! ముత్తుస్వామి దీక్షితుల తమ్ముడు బాలుస్వామి దీక్షితులు దానిని నేర్చి కర్ణాటక సంగీతంలో ప్రవేశపెట్టినారు. తరువాతి కాలంలో విజయనగరంలో ద్వారం వెంకటస్వామి నాయుడుగారి చేతిలో అది తెలుగువారి సొంత వాద్యమైనది. పాలకొల్లులో 1969లో జన్మించిన ఉప్పలపు శ్రీనివాస్ చేతిలో మాండొలిను ఏమైనదో లోకమంతా విన్నది. ఇక వాద్యానికి మతమెక్కడిది? ప్రకాశం జిల్లా కరవది గ్రామపు షేక్ చిన మౌలానా నాదస్వరం వాయించి శ్రీరంగంలో స్థిరపడినారు. 1998లో మదరాసు సంగీత అకాడమీవారి సంగీత కళానిధి బిరుదు పొందినారు. గుంటూరు జిల్లా పొన్నెకల్లుకు చెందిన షేక్ నాజర్ తంబురా భుజాన వేసుకొని బుర్రకథను ఊరూరా వినిపించినారు. వీరిని తమవారు కారని తెలుగునాట ఎవరైనా అన్నారా?

గిటారుకైతే మనకు కొంత చుట్టరికం కూడ ఉన్నది. అరబ్బుల ఊద్ వాద్యం స్పెయిను దేశానికి పోయినది. బాగ్దాదునుంచి క్రీ.శ. 822లో కొర్దోవా చేరిన జిర్యాబ్ అనే గాయకుడు ఆ వాద్యానికి అయిదవ తీగను చేర్చినాడని చెప్పుతారు. యూరపువారి లూట్ అనే వాద్యం ఆ ఊద్ సంతతియే. గిటారు లూట్ కాదు, నిజమే. కాని తంత్రీవాద్యాలకు అంతటి ఆదరణ లభించిన ఆ స్పెయిను నేలమీదనే అది పెరిగినది. అక్కడనే పందొమ్మిదవ శతాబ్దంలో అంతోనియో ద తోర్రెస్ అనే వడ్రంగి దాని కాయాన్ని విశాలం చేసి నేటి రూపాన్ని స్థిరపరచినాడు. ఉక్కు తీగలు వేసిన గిటారు అమెరికాలో ప్రబలినది. మేము వాయించేది అదే.

అంత దూరం పోనేల? మొయినాబాదు మీదుగా, చేవెళ్ల మర్రిచెట్ల నీడలో సాగిపోయే దారిని మనం బీజాపూర్ రోడ్డు అంటాము. ఆ బీజాపూరును 1580 నుంచి 1627 వరకు ఏలిన రెండవ ఇబ్రాహీం ఆదిల్ షా తన తంబురాకు మోతీఖాన్ అని పేరు పెట్టుకొన్నాడు. సంగీతంమీది మక్కువతో దక్కనీ భాషలో కితాబె నౌరస్ అనే గేయసంపుటిని రచించినాడు. ప్రతిదినం ఆ రోడ్డుమీద బస్సు దిగి వచ్చే మనం, తీగమీద చేయి వేయుటకు ఎవరి అనుమతి కొరకు ఎదురుచూడవలెను?

ధర్మదృష్టితో సంగీతానికి దూరంగా ఉండువారు మన కళాశాలలో ఉన్నారు. ఈ విషయమై ఉలమాలలో పూర్వకాలంనుంచి భిన్నాభిప్రాయాలున్నవి. తీర్పు చెప్పు యోగ్యత మాకు లేదు. దూరంగా ఉండువారు ఎవరికీ సంజాయిషీ ఇచ్చుకొనవలసిన పని లేదు. మా గది తలుపు ఎవరినీ లోనికి లాగదు. నమాజు వేళకు తీగలు మౌనం వహిస్తాయి. ఇంతకు మించి ఈ విషయంలో వాదం పెంచుట మాకిష్టం లేదు.

ఇక అసలు సంగతికి వద్దాము. ఫోనులో వేలకొలది పాఠాలుండగా నలుగురు కూడి నేర్చుకొనుట ఎందుకని మా విద్యార్థి ఒకడు అడిగినాడు. మంచి ప్రశ్న. ఫోనులోని గురువు మనకు వినిపించగలడు, మనలను వినలేడు. మొదట శ్రుతి చేయుటయే చూడండి. గిటారుకు ఆరు తీగలు: లావు తీగనుంచి ఈ, ఏ, డీ, జీ, బీ, మరల ఈ. ఒక తీగను అయిదవ మెట్టువద్ద నొక్కి మీటితే వచ్చే స్వరమే దాని క్రింది తీగ స్వరం కావలెను; మూడవ తీగకు మాత్రం నాలుగవ మెట్టు. సూత్రం ఇంతే. కాని రెండు స్వరాలు ఇంచుమించు కలిసినప్పుడు ఒక అలవంటి వణుకు వినబడుతుంది. బిరడను కొంచెం కొంచెం త్రిప్పగా ఆ వణుకు నెమ్మదించి, నెమ్మదించి, అణగిపోతుంది. ఆ అణగుటను వినుట ఒంటరిగా నేర్చుకొనుట కష్టం. ప్రక్కన కూర్చున్నవాడు “ఇంకా ఉంది సార్, ఇంకొంచెం” అన్నప్పుడే మన చెవి తెరుచుకొంటుంది. ఆ విధంగా విద్యార్థి అధ్యాపకునికి చెవి ఇచ్చు స్థలం మన కళాశాలలో మరొకటి ఉన్నదా?

భౌతికశాస్త్ర శాఖలోని మిత్రులు ఒకనాడు స్కేలు తెచ్చి మెట్లను కొలిచినారు. తీగ పొడవు అరవైఅయిదు సెంటీమీటర్లయితే మొదటి మెట్టు మూడున్నర సెంటీమీటర్లకు కొంచెం పైన. తరువాతివి క్రమంగా దగ్గరౌతూ పోయి, పన్నెండవ మెట్టు సరిగా సగంలో, ముప్పయిరెండున్నరవద్ద పడుతుంది. మిగిలిన పొడవులో ఇంచుమించు పదునెనిమిదవ వంతు వంతున ప్రతి మెట్టు ముందుకు జరుగుతుంది. లెక్కల తరగతిలో గుణశ్రేఢి అంటే ఆవులించే బాలుడు ఆనాడు వ్రేలితో దానిని తడిమి చూచినాడు.

వ్రేళ్ల మాట వచ్చినది గనుక చెప్పుతాము: మొదటి మూడు నాలుగు వారాలు ఉక్కు తీగ వ్రేలికొనలను కోస్తుంది. తరువాత చర్మం గట్టిపడుతుంది. ఈ మైనరు అనే కార్డుకు రెండు వ్రేళ్లు చాలును గనుక అందరు దానితోనే మొదలుపెడతారు. ఎఫ్ అనే కార్డుకు చూపుడువ్రేలు ఆరు తీగలపైనను అడ్డంగా పడవలెను. చాలమంది గిటార్లు మూల చేరేది ఈ కార్డువద్దనే. మొక్కు తీరినవారు బాలాజీ గుడిచుట్టు 108 ప్రదక్షిణలు చేస్తారు గదా, ఎఫ్ కార్డుకు కూడ అంత తక్కువ కాదని మా గోష్ఠిలోని ఒక బాలిక లెక్క కట్టినది. ఇంటిలో ఒంటరిగా ఉన్నవాడు పదవ ప్రయత్నంలో విరమిస్తాడు. నలుగురిలో అట్లు కాదు. ఒకరు తాళం పట్టి సులభమైన కార్డును మీటుతూ ఉంటే, తడబడినవాడు పాట ఆగకుండ తరువాతి చరణంలో కలిసికొనవచ్చును. పాట తనకొరకు ఆగదనీ, తనను విడిచి పోదనీ తెలియుట ఎంత ధైర్యం!

మాకు మిక్కిలి ఆనందం కలిగించిన విషయం ఒకటి ఇక్కడ చెప్పవలెను. తెలుగు అధ్యాపకులము గనుక ఛందస్సు మా వృత్తి. గురజాడ ముత్యాలసరం మూడు నాలుగు మాత్రల నడక; తకిట తకధిమి. గిటారుపై ఒకటవ మాత్రకు, నాలుగవ మాత్రకు లోతుగా మీటి తక్కినవి తేలికగా విడిచితే ఆ నడక కుదురుతుంది. ఒక గురువారం మేమది అభ్యసిస్తుండగా ఉర్దూ శాఖ భాయీసాహెబు విని, తమ గజలు ఒకటి అందుకొన్నారు. ఏ మార్పు లేకుండ మా మీటులో వారి పాట నడిచినది! అందరము ఆశ్చర్యపడి, తరువాత నల్లబల్లమీద వ్రాసి చూచుకొన్నాము. ఉర్దూ ఛందస్సులోని రమల్ నడకకు మూలమైన ఫాఇలాతున్ అనే గణం మన భాషలో చెప్పవలెనంటే గురువు, లఘువు, గురువు, గురువు. మొదటి రెండు మూడు మాత్రలు, చివరి రెండు నాలుగు మాత్రలు. అదే ఏడు! పాదాంతంలో ఆ గణం తరచు ఫాఇలున్‌గా కుంచించుకొనిపోయి రెండు మాత్రలు మిగులుతాయి. ఆ రెండు గిటారుకే వదిలిపెట్టుతాము. మఫాఈలున్ కూడ ఏడు మాత్రలే, కాని మొదటి మీటు లఘువుపై పడి నడక మారిపోతుంది.

గురజాడకు పారసీ గజలు నడక ప్రేరణ అని పండితులు పూర్వమే చెప్పియున్నారు. ఎం.ఏ.లో మేమది చదివి పరీక్షలో వ్రాసి మార్కులు కూడ తెచ్చుకొన్నాము. చెవితో విన్నది మాత్రం ఆ గురువారమే. మన వార్షిక సంచికను చూడండి: ఉర్దూ ఒక కొననుంచి, తెలుగు మరొక కొననుంచి మొదలై మధ్య పుటలో వీపులు ఆనించుకొని నిలుస్తాయి. భోజనశాలలోను అంతే, ఆ బల్ల వారిది, ఈ బల్ల వీరిది. తగవేమీ లేదు, పలకరింపూ అంతంతమాత్రమే. ఆ ఏడు మాత్రల తరువాత ఇద్దరు ఉర్దూ మాధ్యమ విద్యార్థులు ముత్యాలసరాలు తెలుగు లిపిలో వ్రాసి ఇమ్మని మా వద్దకు వచ్చినారు. తెలుగు విద్యార్థి ఒకడు దాశరథివారి గాలిబ్ గీతాలు గ్రంథాలయంలో అడిగి తీసుకొన్నాడు. ఏ ఉపన్యాసంతోను మేమింత సాధించలేదు.

గిటారు అన్నిటికి పనికివస్తుందని మేమనము. తెలుగు పద్యాన్ని రాగంలో సాగదీసి చదివేచోట గిటారు కార్డు అడ్డు తగులుతుంది. వీణకు మైనంలో నిలిపిన ఇరువదినాలుగు మెట్లు; వాటిపై తీగను లాగి గమకం పలికించవచ్చును. గిటారుమీద కూడ తీగను కొంత లాగవచ్చును, కాని అది ఆ వాద్యానికి సహజమైన దారి కాదు. విశ్వమోహన్ భట్ వంటి విద్వాంసులు గిటారును ఒడిలో పరుండబెట్టి, తీగలు చేర్చి, జారుడు కడ్డీతో వాయించుట ఈ ఇబ్బందిని దాటుటకే. మాకు అంత విద్య అక్కరలేదు. పద్యం వచ్చినప్పుడు గిటారు ప్రక్కన పెట్టి నోటితో చదువుకొంటాము.

ఇప్పుడు పోటీల మాట. బహుమతి పెట్టగానే గదిలోని పదిమంది, ముగ్గురు వాయించేవారుగాను ఏడుగురు వినేవారుగాను విడిపోతారు. ఉన్న మూడు గిటార్లు ఆ ముగ్గురి చేతిలోనే ఉండిపోతాయి. మేమెరిగిన ఒక బాలుడు వేరొక చోట పోటీకని ఒకే పాటను ఏడాది పొడుగున అభ్యసించినాడు. తృతీయ బహుమతి వచ్చినది. ఆ నెలలోనే గిటారు అమ్మివేసినాడు. మన విద్యార్థుల జీవితంలో మార్కు, ర్యాంకు, శాతం లేని గంట ఏదున్నది? తాను మధ్యరకంగా చేసే పనిని ప్రేమతో చేయుటకు ఒక చోటు వారికి కావలెను. చేస్తే విద్వాంసునివలె చేయవలె, లేకున్న మానవలె అను పెద్దలు, సాయంకాలం తాము ఆడుకొనే క్యారమ్ ఆటకు ఆ నియమం వర్తింపజేయరు.

ఉద్యోగ శిక్షణకు గంట అవసరమే, కాదనము. వారానికి ఆరు సాయంకాలాలలో అయిదు అందుకు ఇవ్వవచ్చును. ఆరవది అడుగుతున్నాము.

అడిగేది కూడ ఎక్కువ కాదు. ఆ గది గురువారం మాకు ఉండనివ్వవలెను. విద్యార్థినులకు మెహదీపట్నం బస్సు వేళ అడ్డువస్తున్నది, కనుక వారి కొరకు మధ్యాహ్న విరామంలో మరొక అరగంట గది తాళం ఇప్పించవలెను. లెక్క కట్టిన ఆ బాలిక ఇంతవరకు ఎన్నడూ చివరి పాట వరకు ఉండలేకపోయినది. ఎండాకాలంలో గిటార్లను రేకుల కప్పు క్రింద ఉంచితే జిగురు వదిలి వంతెన లేచిపోతుంది. సెలవులలో వాటిని గ్రంథాలయపు బీరువాలో పెట్టనివ్వవలెను. తీగల ఖర్చు మేమే పంచుకొంటున్నాము, పంచుకొంటాము. సన్నని మొదటి తీగయే అన్నిటికన్న తరచుగా తెగుతున్నది గనుక, నగరానికి పోయే మిత్రులు జతతోపాటు దానిని విడిగా రెండు కొని తేవలసినదిగా కోరుతున్నాము.