ఊరు మున్సిపాలిటీ అయింది, మరి ట్రాక్టర్ ఎక్కడ పెట్టాలి?

2018లో తెలంగాణలో పదుల సంఖ్యలో కొత్త మున్సిపాలిటీలు ఏర్పడ్డాయి. చుట్టుపక్కల గ్రామాలను వాటిలో కలిపేశారు. బోర్డు మారినంత మాత్రాన వ్యవసాయం ఆగలేదు. ట్రాక్టర్లు, ట్రాలీలు, రోటవేటర్లు ఆ వాడల్లోనే ఉన్నాయి. వాటిని పెట్టుకునే జాగాలే పోయాయి. దొడ్లు ప్లాట్లయ్యాయి, కళ్లాల మీద ఇళ్లు లేచాయి. ఇప్పుడు ఇంటి ముందు ట్రాక్టర్ ఆపితే, "కమర్షియల్ బండ్లు ఇళ్ల మధ్య పెట్టొద్దు" అంటున్నారు.

ఈ మాటకు చట్టంలో ఏముందో చూద్దాం. కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు, 1989 వ్యవసాయ ట్రాక్టర్‌ను రవాణాయేతర వాహనంగా నిర్వచించాయి. అంటే లారీని, డీసీఎంను చూసినట్టు రైతు ట్రాక్టర్‌ను చూడటానికి వీల్లేదు. అయితే అదే ట్రాక్టర్‌తో కిరాయికి ఇసుక, ఇటుక తోలేవారికి ఈ వాదన పనికిరాదు. ఆ తేడా మనమే పాటించాలి. లేకపోతే అందరినీ ఒకే గాట కట్టేస్తారు.

మోటారు వాహనాల చట్టం, 1988లో 117వ సెక్షన్ ఉంది. వాహనాలు నిలుపుకునే స్థలాలను స్థానిక సంస్థతో సంప్రదించి నిర్ణయించే అధికారం దాని కింద ప్రభుత్వానికి ఉంది. కానీ జరుగుతున్నదేమిటి? స్థలం చూపకుండానే 'నో పార్కింగ్' బోర్డు పెడుతున్నారు. 2019 సవరణ తర్వాత సాధారణ ఉల్లంఘనకు మొదటిసారి జరిమానా 500 రూపాయల దాకా, మళ్లీ చేస్తే 1,500 దాకా ఉంటుంది. నాట్లప్పుడు, కోతలప్పుడు బండి రోజూ ఇంటికి రావాల్సిందే. అప్పుడు రైతు ఎన్నిసార్లు కట్టాలి? పొలం దగ్గరే వదిలేద్దామంటే బ్యాటరీ, డీజిల్ దొంగల భయం.

అలాగని కాలనీవాళ్ల ఫిర్యాదులన్నీ ఉత్తవే అనలేం. ఇరుకు సందులో ట్రాలీ అడ్డంగా ఉంటే అంబులెన్స్ పోదు. రాత్రిపూట రిఫ్లెక్టర్ లేని ట్రాలీని గుద్దుకుని ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్లలో మన పిల్లలూ ఉన్నారు. ప్రమాదకరంగా బండి వదిలి వెళ్లడాన్ని 122వ సెక్షన్ నిషేధిస్తోంది. అది న్యాయమైన నిబంధనే, పాటించాలి.

మనం అడిగేది మినహాయింపు కాదు, జాగా. విలీనమైన ప్రతి గ్రామంలో ప్రభుత్వ భూమిలో ట్రాక్టర్లు, ట్రాలీలు, హార్వెస్టర్లు నిలుపుకునే స్థలం కేటాయించాలి. అక్కడ లైట్లు, రాత్రి కాపలా ఉండాలి. దగ్గరలో మార్కెట్ యార్డు ఉంటే, కొనుగోళ్లు లేని నెలల్లో అందులో చోటివ్వాలి. నిబంధన చేసేముందు రైతులతో మాట్లాడాలి. స్థలం చూపేదాకా జరిమానాలు ఆపాలి.

దీనికి ముందుగా లెక్క కావాలి. ప్రతి గ్రామ కమిటీ తమ వార్డుల్లో ఎన్ని ట్రాక్టర్లు, ట్రాలీలు, హార్వెస్టర్లు ఉన్నాయో, ఖాళీ ప్రభుత్వ భూమి ఎక్కడుందో ఈ నెలలోనే రాసి పెట్టుకోవాలి. ఆ లెక్కతో కమిషనర్‌కు వినతిపత్రం ఇచ్చి, రసీదు తీసుకోవాలి. ఈలోగా ప్రతి ట్రాలీ వెనుక రిఫ్లెక్టర్ అతికించండి. మన బండి వల్ల ఎవరికీ ప్రమాదం లేదని చూపిస్తే, మన డిమాండ్‌ను ఎవరూ తోసిపుచ్చలేరు.