సెలవుల సభ్యత్వం: పొదుపా, భారమా?



“ఒక్కసారి డబ్బు కడితే ఇరవై అయిదేళ్లపాటు ఏటా వారం రోజులు పెద్ద రిసార్టులో ఉచితంగా ఉండవచ్చంటున్నారు. దానివల్ల కుటుంబానికి లక్షల రూపాయలు మిగులుతాయట. నిజమేనా? చేరమంటారా?” ఈ నెల మన శీర్షికలో తీసుకున్న ప్రశ్న ఇది.

ఇది పట్నవాసుల సంగతి గదా, పల్లెలో ఉండే మనకెందుకు అని అనుకోకండి. మన పిల్లలు హైదరాబాదులోనో, విజయవాడలోనో, విశాఖపట్నంలోనో ఉద్యోగాలు చేసుకుంటున్నారు. వారిని చూడటానికి వెళ్లినప్పుడు షాపింగ్ మాల్ గుమ్మం దగ్గర ఎవరో ఒక చీటీ చేతికిచ్చి పేరు, ఫోన్ నంబరు రాయమంటారు. నాలుగు రోజుల తరువాత ఫోన్ వస్తుంది. “మీకు బహుమతి వచ్చింది, ఆదివారం సాయంత్రం ఫలానా హోటలుకు రండి, కాని భార్యాభర్తలిద్దరూ తప్పకుండా కలిసి రావాలి” అంటారు. ఇద్దరూ ఎందుకు? ఒక్కరే వెళితే “ఇంట్లో అడిగి చెబుతానండీ” అని లేచి రావచ్చు. ఇద్దరూ ఎదురుగా కూర్చుంటే ఆ మాట అనడానికి వీలుండదు. కాఫీ ఇచ్చి, కొండల బొమ్మలు చూపించి, రెండు గంటలు మాట్లాడి, “ఈ ధర ఈ ఒక్క సాయంత్రమే” అంటారు. మొహమాటానికి పోయి సంతకం చేసిన కుటుంబాలు తక్కువేమీ కాదు.

ముందుగా ఒక మాట న్యాయంగా చెప్పుకోవాలి. ఈ వ్యాపారమంతా మోసమని కొట్టిపారేయలేము. ఒకే గదిని అనేక కుటుంబాలు సంవత్సరంలో వారాల చొప్పున పంచుకొని వాడుకొనే ఈ పద్ధతిని టైమ్‌షేర్ అంటారు. ఇది యూరప్‌లో 1960 తరువాతి సంవత్సరాలలో మొదలయింది. స్విట్జర్లాండులో హాపీమాగ్ అనే సంస్థ 1963లో ఏర్పడింది. ఒకచోట వారం ఉన్నవారు దానిని ఇంకొకచోటి వారంతో మార్చుకొనే ఏర్పాటు కోసం అమెరికాలో ఆర్.సి.ఐ. అనే సంస్థ 1974లో వెలిసింది. మన దేశంలో స్టెర్లింగ్ సంస్థ 1986లోను, మహీంద్రా హాలిడేస్ 1996లోను ప్రారంభమయ్యాయి. ఏటా ఈ రిసార్టులకు వెళ్లి సంతోషంగా తిరిగి వచ్చే కుటుంబాలు ఉన్నాయి. కాబట్టి మన ప్రశ్న అది మంచిదా చెడ్డదా అని కాదు. దానివల్ల మన ఇంటికి డబ్బు మిగులుతుందా లేదా అన్నదే మన ప్రశ్న.

అసలు మనం కొనేదేమిటో తెలుసుకుందాం. మన దేశంలో అమ్ముడయ్యే వాటిలో ఎక్కువ భాగం భూమి కాదు, ఇల్లూ కాదు. పొలం కొంటే పట్టాదారు పాసు పుస్తకం వస్తుంది. ఇల్లు కొంటే రిజిస్ట్రేషన్ కాగితం వస్తుంది. ఇక్కడ వచ్చేది సభ్యత్వం మాత్రమే. అంటే ఇన్ని సంవత్సరాలపాటు, ఏటా ఇన్ని రాత్రులు, ఫలానా తరగతి గదిలో ఉండే హక్కు. గడువు ముగిసిన రోజున ఆ హక్కూ ముగుస్తుంది. పైగా సంవత్సరాన్ని రద్దీని బట్టి కాలాలుగా విడగొట్టి, వాటికి రంగుల పేర్లు పెట్టి వేర్వేరు ధరలకు అమ్ముతారు. తక్కువ ధర సభ్యత్వం తీసుకుంటే పిల్లల వేసవి సెలవులలోను, క్రిస్మస్ రోజులలోను గది దొరకదు. పిల్లలకు బడి ఉన్న రోజులలో దొరికే గది మనకెందుకు పనికివస్తుంది?

ఇప్పుడు లెక్కకు వద్దాం. కాగితం, కలం తీసుకోండి. అంకెలు సంస్థను బట్టి మారుతాయి గనుక ఉదాహరణగా కొన్ని అనుకుందాం.

అమ్మేవారి లెక్క ఇలా ఉంటుంది. “మంచి రిసార్టులో గది అద్దె రోజుకు 8,000 రూపాయలు. ఏడు రాత్రులకు 56,000. ఇరవై అయిదేళ్లకు 14 లక్షలు. మీరు కట్టేది 4 లక్షలే. అంటే 10 లక్షలు ఆదా!” వినడానికి ఎంత బాగున్నది! కాని ఈ లెక్కలో చెప్పకుండా వదిలేసిన సంగతులు మూడున్నాయి.

మొదటిది, వార్షిక రుసుము. సభ్యత్వం తీసుకున్నవారు గదుల నిర్వహణ కోసం ఏటా కొంత సొమ్ము కట్టాలి. మనం వెళ్లినా కట్టాలి, వెళ్లకపోయినా కట్టాలి. ఇంట్లో పెండ్లి వచ్చినా, జబ్బు వచ్చినా, పంట పోయినా కట్టాలి. పన్నుతో కలిపి అది 18,000 అనుకుంటే, ఏడు రాత్రులకు పంచితే రాత్రికి 2,571 రూపాయలు. ఈ రుసుము ఉన్నచోట ఉండదు. ఏటా 6 శాతం చొప్పున పెరిగితే పన్నెండేళ్లకు రెట్టింపు, అంటే 36,000 అవుతుంది. “ఉచితం” అన్నమాట ఇక్కడే తేలిపోయింది.

రెండవది, మనం ముందుగా కట్టే 4 లక్షల మీద రావలసిన వడ్డీ. ఆ సొమ్మును బ్యాంకులో 6 శాతం వడ్డీకి వేస్తే ఏటా 24,000 వస్తుంది. అది వదులుకుంటున్నాము గనుక అదీ ఖర్చే. వడ్డీ 24,000, రుసుము 18,000 కలిపితే సంవత్సరానికి 42,000. ఏడు రాత్రులకు పంచితే రాత్రికి 6,000 రూపాయలు! ఇరవై అయిదేళ్ల చివర బ్యాంకులో వేసినవారికి అసలు 4 లక్షలు చేతికి తిరిగి వస్తాయి. సభ్యత్వం తీసుకున్నవారికి ఏమీ రాదు.

ఇక చేతిలో సొమ్ము లేక వాయిదాలలో తీసుకుంటే మరింత భారం. 4 లక్షలు 15 శాతం వడ్డీకి నాలుగేళ్ల వాయిదాలలో కడితే నెలకు 11,130 రూపాయల పైమాటే. మొత్తం 5 లక్షల 34 వేలు అవుతుంది. సెలవు గడపడానికి అప్పు చేయడం ఎంతవరకు తెలివైన పనో ఎవరికి వారే ఆలోచించుకోవాలి.

మూడవది, ప్రయాణం, భోజనం. రైలు టిక్కెట్లు, స్టేషను నుండి కొండమీదికి కారు బాడుగ, రిసార్టులో భోజనం, ఇవన్నీ వేరు. ఊరికి దూరంగా ఉన్న రిసార్టులో బయట హోటలు ఉండదు. నలుగురు వారం రోజులు అక్కడే తినవలసి వస్తే ఆ ఖర్చు గది అద్దెకు సమానంగా రావచ్చు.

పన్ను సంగతి కూడా తెలుసుకోండి. సభ్యత్వపు సొమ్ము మీదా, వార్షిక రుసుము మీదా 18 శాతం జి.ఎస్.టి. ఉన్నది. మామూలుగా హోటలులో రోజుకు 7,500 రూపాయల వరకు ఉండే గదికైతే 2025 సెప్టెంబరు 22 నుండి 5 శాతమే.

ఇంతవరకు చూసిన లెక్కలో ఒక చిక్కు మిగిలే ఉన్నది. “రాత్రికి 6,000 అయినా 8,000 కంటే తక్కువే గదా” అని ఎవరైనా అడగవచ్చు. నిజమే. ప్రతి సంవత్సరమూ, తప్పకుండా, ఏడు రాత్రులూ, 8,000 రూపాయల గదులలో ఉండే అలవాటున్న కుటుంబానికి ఇది లాభమే. మరి మన కుటుంబాలలో అటువంటివి ఎన్ని?

పోయిన అయిదేళ్లలో మీరు ఎక్కడెక్కడికి వెళ్లారో గుర్తు తెచ్చుకోండి. అత్తగారి ఊరికి, అమ్మగారి ఊరికి, మనుమడిని చూడటానికి, పెండ్లిండ్లకు, వైద్యం కోసం వేలూరుకు. మధ్యలో ఎప్పుడో ఒకసారి అరకుకో, ఊటీకో మూడు రోజులు. అక్కడ మీరు దిగిన గది 2,000 రూపాయలది అనుకోండి. మూడు రాత్రులకు 6,000. ఏడు రాత్రులు ఉన్నా 14,000. సభ్యత్వానికి ఏటా కట్టే రుసుము ఒక్కటే 18,000! అంటే 4 లక్షలు పక్కన పెట్టినా, ఆ రుసుము కన్నా మన మామూలు గది అద్దె తక్కువ. ఇక ఒక యేడు వెళ్లి ఒక యేడు మానేస్తే, ఆ మానేసిన యేటి రాత్రులు కలిసిరాకపోతే, రాత్రికి 6,000 కాస్తా 12,000 అవుతుంది.

అసలు కిటుకు ఇదే. పొదుపు అంటే మనం నిజంగా చేయబోయే ఖర్చులో తగ్గేది. మనం ఎన్నడూ చేయని ఖర్చును చూపించి, దానిలో సగం తగ్గించామంటే అది పొదుపు కాదు, కొత్త ఖర్చు. 4 లక్షల రూపాయలంటే పల్లెటూరి ఇంటికి చిన్న సొమ్మా? అమ్మాయి ఇంజనీరింగు ఫీజు అది. ఇంటిమీద వేయవలసిన శ్లాబు అది. ఆపద వేళ ఆసుపత్రిలో కట్టవలసిన సొమ్ము అది. దానిని కొండమీద గదిలో పెట్టి, అవసరమైనప్పుడు వెనక్కి తీసుకుందామంటే రాదు. ఈ సభ్యత్వాలను తిరిగి అమ్ముకోవడం చాలా కష్టం. కొన్న ధరలో కొంత భాగానికైనా అడిగేవారు ఉండరు.

ఈ లెక్కలన్నీ చూసుకొని కూడా చేరాలనుకొనేవారు కొన్ని జాగ్రత్తలు పాటించండి.

పిలిచిన రోజున సంతకం చేయకండి. క్రెడిట్ కార్డు వెంట తీసుకువెళ్లకండి. “ఒప్పంద పత్రం ఇవ్వండి, ఇంటికి తీసుకువెళ్లి చదువుకుంటాము” అని మర్యాదగా అడగండి. ఇవ్వమంటే లేచి రండి. అది మొరటుతనమేమీ కాదు. యూరప్ దేశాలలో 2008 నాటి చట్టం ప్రకారం సంతకం చేసినవారికి మనసు మార్చుకోవడానికి 14 రోజుల గడువున్నది. ఆ గడువులో వారి దగ్గర డబ్బు తీసుకోవడం కూడా నిషేధం. మన దేశంలో టైమ్‌షేర్ కోసం అటువంటి ప్రత్యేక చట్టం లేదు. కొన్ని సంస్థలు తమంతట తాము కొద్ది రోజుల గడువు ఇస్తాయి. అది ఎన్ని రోజులో పత్రంలో చూసి తెలుసుకోండి.

నోటిమాటను నమ్మకండి. వార్షిక రుసుము ఎంతవరకు పెంచవచ్చు, సెలవు రోజులలో గది ఎంత ముందుగా అడగాలి, వాడని రాత్రులు మరుసటి యేటికి వస్తాయా, మధ్యలో మానుకుంటే ఎంత తిరిగి ఇస్తారు, సభ్యుడు చనిపోతే కుటుంబంమీద బాధ్యత ఉంటుందా, ఈ అయిదింటికీ జవాబు కాగితం మీద ఉండాలి.

“వెళ్లకపోతే మీ డబ్బు వడ్డీతో తిరిగి ఇస్తాము” అని ఎవరైనా అంటే వెంటనే దూరంగా జరగండి. అది సెలవుల వ్యాపారం కాదు, చీటీల వంటి వ్యవహారం. రాయల్ ట్వింకిల్ స్టార్ క్లబ్ అనే సంస్థ సెలవుల పథకాల పేరుతో ప్రజల దగ్గర సొమ్ము వసూలు చేస్తే, అది అనుమతి లేని పెట్టుబడి పథకమని 2015లో సెబీ ఆదేశాలు జారీ చేసింది.

ఇప్పటికే చేరి ఇబ్బంది పడుతున్నవారు కూడా ఉండవచ్చు. సిగ్గుపడి ఇంట్లోవాళ్ల దగ్గర దాచకండి. ఒప్పందం, రసీదులు, వారు పంపిన సందేశాలు అన్నీ ఒకచోట పెట్టుకోండి. చెప్పినది ఒకటి, ఇచ్చినది ఒకటి అయితే మొదట సంస్థకు రాతపూర్వకంగా తెలియజేయండి. తరువాత జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రానికి 1915 నంబరుకు ఫోన్ చేయవచ్చు. అప్పటికీ తీరకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉన్నది. 2019 నాటి చట్టం ప్రకారం సంస్థ ఎక్కడ ఉన్నా, మీరు నివసించే జిల్లాలోనే ఫిర్యాదు చేయవచ్చు. కట్టిన సొమ్ము 5 లక్షల వరకు అయితే ఫీజు కూడా లేదు. కాని సమస్య తలెత్తిన రెండేళ్లలోగా చేయాలి. “మీ సభ్యత్వం మేము అమ్మిపెడతాము, ముందు కొంత సొమ్ము పంపండి” అని ఫోన్ చేసేవారిని మాత్రం నమ్మకండి. పోయిన దానికి తోడు ఉన్నదీ పోతుంది.

ఇంత చెప్పినది కుటుంబంతో ఎక్కడికీ వెళ్లవద్దని కాదు. పొద్దున లేచిన దగ్గర నుండి పొయ్యి దగ్గరే నిలబడే ఇల్లాలికి, సంవత్సరమంతా పొలంలోనో బడిలోనో కష్టపడే ఇంటి యజమానికి నాలుగు రోజుల విశ్రాంతి అవసరం. పిల్లలు తల్లిదండ్రులతో కలిసి చేసిన ప్రయాణాన్ని పెద్దయ్యాక కూడా చెప్పుకుంటారు. దానికి ఇరవై అయిదేళ్ల ఒప్పందం అక్కరలేదు. పోస్టాఫీసులో నెలకు 1,500 రూపాయల రికరింగ్ డిపాజిట్ మొదలుపెట్టండి. సంవత్సరానికి 18,000, అంటే అక్కడ కట్టే రుసుమంతే. వెళ్లే యేడు దానిలో కొంత వాడుకోండి. పర్యాటక శాఖవారి హరిత హోటళ్లు ఉన్నాయి. అనేక పట్టణాలలో వై.ఎం.సి.ఎ., వై.డబ్ల్యు.సి.ఎ. వసతి గృహాలు ఉన్నాయి. రైలు టిక్కెట్లు ముందుగా తీసుకోండి. వెళ్లలేని యేడు ఆ సొమ్ము ఎక్కడికీ పోదు, మీ పాసు పుస్తకంలోనే ఉంటుంది.

ఈ ఆదివారం సాయంత్రం భార్యాభర్తలిద్దరూ ఎవరి హోటలుకూ వెళ్లకుండా మీ ఇంటి వసారాలోనే కూర్చోండి. వచ్చే యేడు పిల్లలకు ఏమి చూపించాలో, దానికి నెలకు ఎంత దాచగలరో రాసుకోండి. ఆ కాగితం మీద మీకు ఎవరి సంతకమూ అవసరం లేదు.