పాత ల్యాప్‌టాప్ అమ్మే ముందు ఒక్క మాట



మొన్న ఆదివారం హాల్లో జరిగింది మీరూ చూశారు. మార్కండేయ రథోత్సవం పాత డీవీడీ వేద్దామని కూర్చుంటే వైఫై కలవలేదు, వీడియో రాలేదు. అర్ధగంట తంటాలు పడ్డాక "ఇది తుక్కు, అమ్మేసి కొత్తది కొందాం" అన్నారొకరు. సగం చేతులు లేచాయి. వచ్చే మీటింగ్‌లో తీర్మానమట. నేను వద్దంటున్నాను.

ఆ రాత్రి దాన్ని ఇంటికి తెచ్చుకున్నాను. వైఫై కలిసింది గానీ ఒక్క పేజీ తెరుచుకోలేదు. మూలన తేదీ చూస్తే ఎప్పటిదో! లోపలుండే చిన్న గుండ్రటి బ్యాటరీ అయిపోతే గడియారం వెనక్కి పోతుంది. తేదీ తప్పుగా ఉంటే వెబ్‌సైట్ల భద్రతా సర్టిఫికెట్లు చెల్లవు. తేదీ సరిచేశాను, పేజీలు వచ్చాయి. మరి హాల్లో ఎందుకు కలవలేదంటారా? అక్కడి కొత్త రూటర్‌కు రెండు పేర్లున్నాయి. ఈ ల్యాప్‌టాప్ కార్డు 2.4 గిగాహెర్ట్జ్‌ది, 5 గిగాహెర్ట్జ్ పేరు దానికి కనబడదు. మనం అంతసేపూ వెతికింది ఆ పేరు కోసమే.

ఇక డీవీడీ. ఈ ల్యాప్‌టాప్ విండోస్ 7తో వచ్చింది, తర్వాత ఎవరో 10 వేయించారు. విండోస్ 8 నుంచే మీడియా ప్లేయర్‌లో డీవీడీ సినిమాలు ఆడవు. డ్రైవ్ తప్పేమీ లేదు. వీఎల్‌సీ అని ఉచితంగా దొరుకుతుంది, అది వేస్తే రథం కదిలింది. ఒక హెచ్చరిక: అమెరికా నుంచి చుట్టాలు తెచ్చిన డిస్క్ పెడితే రీజియన్ మార్చమంటుంది. తొందరపడి సరే నొక్కకండి. మనది 5, వాళ్లది 1. డ్రైవ్‌లో మార్చుకునే అవకాశం ఐదుసార్లే, ఆ తర్వాత చివరిది అలాగే ఉండిపోతుంది.

కానీ బీరువాలోని పదకొండు డిస్కుల్లో మూడు ఆడలేదు. మెత్తటి గుడ్డతో మధ్య నుంచి అంచుకు తుడిచాను (గుండ్రంగా తుడవకూడదు), అయినా లాభం లేదు. కిటికీ ఎండలో ఉన్నవి అవే. నా బాధ ఇక్కడే. ల్యాప్‌టాప్ బాగవుతుంది, చెడిన డిస్క్ తిరిగి రాదు. ఆడిన వాటిలో ఒకదాంట్లో, తెలంగాణ పల్లె నుంచి షోలాపూర్ మిల్లుకు వచ్చిన రోజుల గురించి ఒక తాత చెబుతున్నాడు. ఆయన ఇప్పుడు లేడు. మన పిల్లలు మరాఠీ బడిలో చదువుతారు, తెలుగు రాసిస్తే చదవలేరు, వింటే మాత్రం అర్థమవుతుంది. వాళ్లకు ఆ తాత చేరే దారి ఆ గొంతే.

కొత్త ల్యాప్‌టాప్‌లలో చాలావాటికి డిస్క్ పెట్టే చోటే లేదు. బయట తగిలించే డ్రైవ్ కొనుక్కోవచ్చు, నిజమే. పనిచేసేది చేతిలో ఉండగా ఆ ఖర్చు దేనికి? కాబట్టి తీర్మానం రెండు నెలలు ఆపుదాం. ముందు అన్నీ హార్డ్ డిస్క్‌లోకి ఎక్కిద్దాం, ఇంకో కాపీ వేరే ఇంట్లో పెడదాం. శనివారాలు సాయంత్రం నేను కూర్చుంటాను, ఇద్దరు కుర్రాళ్లు తోడొస్తే చాలు.

మీ ఇళ్లలో పెళ్లివి, బతుకమ్మవి ఉంటే అవీ తెండి. పేరు కవర్ మీద రాయండి, డిస్క్ మీద బాల్‌పెన్‌తో గీకకండి. సీడీకి సమాచారమంతా ఆ బొమ్మవైపు పొర కిందే ఉంటుంది.